తెరేసమ్మ రొండిన తాళాలు

ఆరోన్ పోయి నెలైంది. తాగి బండి నడుపుతూ, ఉయ్యూరు దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న చెరకు ట్రాక్టరును వెనకనుంచి గుద్దేశాడు. అతని ఆత్మశాంతికి తల్లి తెరేసమ్మ గుడిలో ఫాదరుగారి చేత పూజ చెప్పించి, ఇంటి ముందు షామియానా వేయించి భోజనాలు పెట్టింది.

కంకిపాడు నుంచి వచ్చిన అంతోనికి స్నేహితుడు లేని లోటు భోజనాల దగ్గర మరీ తెలిసింది. పక్కనే కూర్చున్న శౌరయ్యకూ తెలిసింది. ఇద్దరూ గడ్డివాము చాటుకు వెళ్ళి ఆరోన్ పేరు చెప్పుకుని ఒక క్వార్టరు, అతను రాలేకపోయినందుకు ఇంకో క్వార్టరు తాగారు. కళ్ళు తుడుచుకుని వచ్చి చూస్తే బండ్లకు తాళాల్లేవు.

తెరేసమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రెండు తాళాలూ ఆమె రొండిన దోపుకున్న సంచిలోంచి తొంగిచూస్తున్నాయి.

"తియ్యరా," అన్నాడు శౌరయ్య.

"ఆడమనిషి నడుం దగ్గర చెయ్యి పెట్టమంటావా? నువ్వే తియ్యి. నీకు వరసకి పిన్ని గదా."

"పిన్నయితే మాత్రం!"

అంతోని దగ్గాడు. గురక వినిపించింది. ఇంకాస్త గట్టిగా దగ్గాడు. గురకా పెరిగింది. శౌరయ్య గుడిపాట అందుకున్నాడు. రెండో చరణానికి వీధికుక్క లేచి వెళ్ళిపోయింది గానీ ఆవిడ లేవలేదు.

అంతోని గుప్పెడు సోంపు నమిలి, వంగి చెవి దగ్గర "పిన్నిగారూ" అన్నాడు.

"ఊదు," అంది తెరేసమ్మ కళ్ళు మూసుకునే.

"ఏంటండీ?"

"ఊదరా."

ఊదాడు.

"సోంపుతో మందు వాసన పోదు. మావాడూ ఇదే నమిలేవాడు." ఆవిడ లేచి కూర్చుంది. "ఆ రోజు వాణ్ణి తాళం ఇమ్మని అడిగా. నవ్వి, నా బుగ్గ గిల్లి పోయాడు. అందుకే మిమ్మల్ని అడగలా."

అంతోనికి ఆరోన్ నవ్వు కళ్ళకు కట్టింది. శౌరయ్య తల వంచుకున్నాడు.

"మజ్జిగ తాగి బస్సుకి పోండి. బండ్లు రేపు తీసుకెళుదురుగాని."

బస్సెక్కాక అంతోని భార్య శాలినికి ఫోన్ చేశాడు. "బస్సులో వస్తున్నా."

"బస్సులోనా?" శాలిని కెవ్వుమంది. "బండేదీ? దెబ్బలేమన్నా తగిలాయా?"

"ఏం కాలేదే. తాగా. అందుకని బస్సెక్కా."

అవతల శాలిని "దేవా, నీకు స్తోత్రం" అని గొణగడం వినిపించింది.

"సీటు దొరికిందా?" అంది.

"లేదు, నించున్నా."

"గట్టిగా పట్టుకోండి."

ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తూలుతున్న శౌరయ్య. ఇక దేంతో పట్టుకోవాలో అంతోనికి తోచలేదు.