ఐదు పెట్టెల నాదస్వరం

మోటారు మూత విప్పగానే కంపు గుప్పుమంది. పీర్ సాహెబ్ ముఖం తిప్పుకొని గట్టు మీద థూ అని ఉమ్మేశాడు. లోపల నాచు, కుళ్లిన మేత, చచ్చిన రొయ్యలు. తోటపల్లి గూడూరు రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే చక్రాల మోటార్లు బాగుచేస్తూనే తల నెరిసింది గాని, ఆ కంపుకు ముక్కు మాత్రం అలవాటు పడలేదు. గోళ్ల కింది నలుపు ఏ సబ్బుకూ లొంగదు. అన్నం ముద్ద నోటిదాకా వస్తే అదే వాసన.

అసలాయనకు రోత పుట్టనిదేముంది గనక! ఫోనులో పాటంటే రోత. పెళ్లిళ్లలో డీజే అంటే మరీను. "డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుంటది" అంటాడు. పాటంటే ఆయనింట్లో వెనక గదిలో వినాలి. ముందు మూడు స్పీకరు పెట్టెలు, వెనక రెండు, నడుమ కుర్చీ. మద్రాసు పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చిన డిస్కులు ఆ ఐదింట్లోనూ ఐదు రకాలుగా పలుకుతాయి. వాటిని చేసే కంపెనీలు మానేసి ఏళ్లయింది. చదివే ప్లేయరూ ఇప్పుడు రాదు. ఉన్న ఒక్కదానికీ డిస్కు చదివే లేజరు కన్ను మసకబారుతోంది. అందుకే ఏది దొరికినా ముందు మామూలు ప్లేయరులో వేసి చూస్తాడు, చెత్త మీద ఆ కన్ను ఖర్చుపెట్టడు. ఐదు పెట్టెలదైతే అందులో పలకదు, పలికిందా మామూలుదే అని ఆయన లెక్క.

"దీని కన్ను పోయేలోగా ఆ నాదస్వరం ఒక్కసారి వినాల మే" అని భార్య మదార్‌బీతో ఎన్నిసార్లన్నాడో. మూతపడిన ఒక చిన్న కంపెనీ ఏదో గుడి మండపంలో ఐదు మైకులు పెట్టి పట్టిన కచేరీ అది. నిరుడు దాని డిస్కు పెట్టె దొరికింది. లోపలి డిస్కు మామూలు ప్లేయరులోనే రెండు స్పీకర్లలో పలికేసింది. ఎవడో అసలుది కొట్టేసి మామూలుది దూర్చాడనుకొని ఆయన ఒళ్లు మండిపోయింది. ఖాళీ పెట్టె అలమరలో దాచి, డిస్కును మిగతా చెత్త డిస్కులతో కలిపి గుంట యజమాని కామాక్షయ్య ముఖాన కొట్టాడు. అతను వాటిని నీళ్ల మీద కట్టిన తాడుకు దారాలతో వేలాడగట్టుకున్నాడు. ఎండకు తళుక్కుమంటే పక్షులు దిగవు.

"అయిందా సాయిబూ? రొయ్యలు గాలాడక పైకి తేలతా ఉండాయి" అన్నాడు కామాక్షయ్య.

"అయింది, వెయ్యి. ఆ రెండో చక్రం వైరుకు ప్లాస్టిక్ కవరు చుట్టినావేంది? ఛీ, మనుషులు చేసే పనేనా? అన్నం తిని వచ్చి అతుకుతా. అందాకా కరెంటుండగా ఎవర్నీ నీళ్లలో దిగనీబాక."

కామాక్షయ్య షెడ్డులోకి పోయి స్విచ్చి వేశాడు. చక్రాలు నీళ్లను బాదసాగాయి. సముద్రం గాలి లేచి డిస్కులు గిర్రున తిరిగాయి. అన్నీ తెల్లగా మెరిశాయి. ఒక్కటి మాత్రం పసుపుగా, బంగారంలా మెరిసింది.

పీర్ సాహెబ్ చేతిలో రెంచి జారింది. రెండు పొరల డిస్కులకే ఆ రంగు. మామూలు ప్లేయరు పై పొర చదివి రెండు స్పీకర్లలోనే పలికిస్తుంది, ఐదు పెట్టెల పాట అడుగు పొరలో ఉంటుంది. ఇది ఆయనకు తెలియంది కాదు. కోపంలో రంగు చూడలేదు, అంతే.

"ఎవడో కొట్టేసినాడనుకుంటినే! నేనే గదా గుడ్డెదవని" అనుకొని మళ్లీ ఉమ్మేశాడు. ఈసారి రోత తన మీదే.

దాని దారం పీచులై పోయింది. సరిగ్గా కింద ఆ రెండో చక్రం. "కామాక్షన్నా, ఆపు!" అని అరిచాడు. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? దారం ఇంకో పోగు తెగింది. పీర్ సాహెబ్ చెప్పులు విడిచి గుంటలోకి దిగాడు.

కామాక్షయ్య మజ్జిగ తాగి వచ్చేసరికి ఆయన రెండో చక్రం పక్కన బోర్లా తేలుతున్నాడు.

రెంచి, చెప్పులు ఇంటికి చేర్చినప్పుడు మదార్‌బీ ఒకటే అడిగింది. "అందరికీ చెప్పే మనిషి ఎందుకు దిగినాడన్నా?"

"ఏమోమ్మా" అన్నాడు కామాక్షయ్య తల దించుకొని.

మర్నాడు కొత్త వైరు వేయించి చక్రాలు తిప్పాడు. దిగబోయిన నీటికాకి ఒకటి బెదిరి లేచిపోయింది. తెల్లటి డిస్కుల నడుమ, ఒక్క పోగు దారానికి, ఆ పసుపుది ఇంకా తిరుగుతూనే ఉంది.