మరకల మందు

పందొమ్మిదో నంబరు ఇంటి హాలు గోడను రంగుల బాబాయి అప్పటికే సగం గీకేశాడు. మేకులు పీకిన బొక్కల్లో పుట్టీ నింపి, గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూసుకున్నాడు. కనుబొమలు, చెవుల వెనక వెంట్రుకలు, మెడలో తుండుగుడ్డ అన్నీ దుమ్ముకి తెల్లబడ్డాయి. పిల్లలు మొదలుపెట్టిన ‘రంగుల బాబాయి’ అన్న పిలుపు పెద్దవాళ్లకూ అలవాటైపోయి, ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

నలభై ఇళ్లు, చుట్టూ ఎత్తైన ప్రహరీ, ఒకటే గేటు. అన్నీ కంపెనీవే. తనలాగే పరాయి దేశం నుంచి పనికొచ్చిన ఒక కుటుంబం ఖాళీ చేసి, ఇంకొకటి దిగేలోగా, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఉండి ఎరగనట్టు చేయడం బాబాయి ఉద్యోగం. పన్నెండేళ్లుగా అదే పని. గోడ చూసి జాతకం చెప్పేస్తాడు: ఇక్కడ పిల్లవాడి సైకిలు ఆనించేవాళ్లు, ఇక్కడ ఒకాయన తల వెనక్కి వాల్చి టీవీ చూసేవాడు. ఆ తలనూనె మరకంటేనే ఆయనకు ఒళ్లు మంట. దాని మీద ఎన్ని పూతలు వేసినా, సాయంత్రానికల్లా మళ్లీ పసుప్పచ్చగా తేలుతుంది. అందుకే ముందు ఓ చిన్న డబ్బాలోని ఘాటైన ద్రవం పూసి, ఆరాక రంగు వేస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు మరకల మందు. తను రంగేసిన గోడ మీద మరక తిరిగొచ్చిందని ఇన్నేళ్లలో ఎవరి చేతా అనిపించుకోలేదు.

ఈ రోజు మాత్రం చెయ్యి గోడ మీద ఉన్నా చెవి గుమ్మం వైపే ఉంది. ఈ నెల నుంచి కుటుంబాలకు ఇళ్లు సూపర్‌వైజర్లకూ ఆపైవాళ్లకేనని కంపెనీ తేల్చేసింది. మిగతావాళ్లు ప్రహరీ అవతల గదికి ఆరుగురు చొప్పున సర్దుకోవాలి. భార్యకూ కూతురికీ సొంత దేశం వెళ్లే సాయంత్రం విమానానికి టికెట్లు కూడా వచ్చేశాయి. పెద్ద సారు సంతకం పెడితే ఇంకో ఏడాది ఉండనిస్తారని ఎవరో అంటే, అర్జీ పట్టుకొని ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ప్రహరీ అవతలి గదుల సంగతి ఆయనకు తెలుసు. మొదటి ఐదేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్తే, నాలుగేళ్ల కూతురు తల్లి కొంగు చాటున దాక్కొని, ‘ఈయనెప్పుడు వెళ్తాడమ్మా?’ అని అడిగింది. ఆ మాట విన్నాకే కంపెనీని ఇల్లడిగి, ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకున్నాడు.

పదింటికి సూపర్‌వైజరు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆ నిలబడటంలోనే తెలిసిపోయింది.

“కాలేదు బాబాయ్. నీ ఒక్కడికిస్తే అందరూ అడుగుతారంటున్నారు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను.”

“మీరేం చేస్తారు లెండి.”

“రేపు పొద్దున్నే తాళం అప్పజెప్పాలి. నీ ఇంటి రంగుకి వేరేవాణ్ణి పంపనా?”

“వద్దు సార్. ఇంక ఒక్క గోడే ఉంది. నేనే వేసుకుంటా.”

ఇంటికెళ్లేసరికి భార్య పెట్టె మీద మోకాలు ఆనించి తాడు బిగిస్తోంది. కూతురు స్కూలు సంచీ తగిలించుకొని, ఒక్క కుర్చీ కూడా లేని హాల్లో తిరుగుతోంది. ఉన్న రెండు గదుల్లో పడగ్గది గోడే మిగిలింది. పరుపు ఉండే చోటికి పైన, కంచమంత తలనూనె మరక. ఏడేళ్లుగా మధ్యాహ్నం పనయ్యాక ఆవిడ అక్కడే కాళ్లు చాపుకొని, తల ఆనించి, కూతురి చేత పాఠం చదివించుకునేది. “పెయింటరు ఇంట్లో గోడ ఇదా?” అని ఆయన విసుక్కుంటే, “మీకు పని లేకుండా పోకూడదనే” అని నవ్వేది.

ఒంటిగంటకు వ్యాను వచ్చింది. ఆయన సామాను ఎక్కించాడు.

“మరకల మందు మర్చిపోకండి. మీ ఇంట్లోనే మరకంటే పరువు పోతుంది,” అంది ఆవిడ. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాన్నా, ఎప్పుడొస్తావు?” అంది కూతురు.

“సెలవివ్వగానే.”

ఇస్తే వచ్చే ఏడు. అది ముగ్గురికీ తెలుసు. వ్యాను గేటు దాటేదాకా చూసి, ఆయన చేతులు కడుక్కొని లోపలికి వచ్చాడు. మరకల మందు డబ్బా తీసి బాగా కుదిపాడు. మూత కింద స్క్రూడ్రైవరు దూర్చి, గోడ మీద మరక వైపు చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొని, రోలరు అందుకున్నాడు.

ఒక పూత వేశాడు. అది ఆరేదాకా కూర్చొని రెండోది వేశాడు. గోడ కొత్తగా, తెల్లగా, ఎవరిదీ కానట్టు నిలబడింది. ఎండ వాలుతుండగా, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, పసుపు రంగు మెల్లగా బయటికి రాసాగింది. అది పూర్తిగా కంచమంత అయ్యేదాకా బాబాయి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాడు.

బ్రష్షులు, రోలరు బక్కెట్లో వేసుకొని, ఇంటికి తాళం వేసి, ప్రహరీ అవతలి గదికి వెళ్లిపోయాడు. కిటికీ గట్టు మీద మరకల మందు డబ్బా, మూతైనా తీయకుండా, అలాగే ఉంది.