బొటనవేలంత ఎడం

చాపలన్నీ గోడకి చేరేసి, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ తడిగుడ్డతో హాలు తుడుస్తోంది కూతురు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ హాల్లో నాన్న కరాటే నేర్పుతున్నాడు. వెనక గదిలో అమ్మ మిషను కుడుతుంది. ఆ పిల్ల పెరిగింది ఆ రెండు చప్పుళ్ల మధ్యే.

"ఆ చెవికేమయింది?" గుమ్మంలోంచి అడిగాడు నాన్న.

జుట్టు ముందుకి లాక్కుంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. చెవి ఉడకబెట్టిన దుంపలా వాచి నల్లబడి ఉంది.

"అయితే నిజంగానే వెళ్తున్నావన్నమాట, ఆ బోనులోకి."

"మూడు నెలలైంది నాన్నా. ఈ ఆదివారం పోటీ ఉంది."

నాన్న హాల్లో ఒక పద్ధతి ఉంది. దెబ్బ ఎదుటివాడికి బొటనవేలంత ఎడంలో ఆగాలి. ఆగితే తగిలినట్టే లెక్క. ఎదుటివాడు "తగిలింది" అని ఒప్పుకోవాలి, ఇద్దరూ చేతులు దించి ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. పిడికిలి ఆపడం రానివాడికి కొట్టడమూ రాదంటాడాయన. కూతురి పిడికిలి కనురెప్ప వెంట్రుకలు కదలకుండా ఆగేది. అది చూసి ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

ఆ పద్ధతితోనే ఆమె పాత గోడౌనులో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పే జిమ్‌కి వెళ్లింది. మొదటి రోజే అక్కడి ఇనప కంచె బోనులోకి, బేకరీలో పిండి పిసికే ఒకావిడ మీదికి దింపారు. కూతురు కాలు విసిరి, ఆవిడ కణత పక్కన ఆపి, చేతులు దించి వెనక్కి అడుగేసింది. తల కూడా వంచింది. ఆవిడకేం తెలుసు ఈ మర్యాదలు? వంచిన తలని రెండు చేతులా పట్టుకుని మోకాలితో పొడిచింది. ముక్కు విరిగిన చప్పుడు కూతురికి పుర్రె లోపలినుంచి వినిపించింది. కింద పడ్డాక కూడా కూతురి గుండెల మీదెక్కి కూర్చుని బాదింది ఆవిడ, కోచ్ వచ్చి లాగేదాకా.

"ఎవరికమ్మా దండం పెట్టావు?" ముక్కులో దూది కుక్కుతూ అడిగాడు కోచ్.

ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పింది. ఆ రోజునుంచి జిమ్‌లో ఆమె పేరు దండం. "ఏమే దండం, ఇవాళైనా కొడతావా, దీవించి పంపెయ్యనా?" అని పిండావిడ రోజూ పలకరించి మరీ చితకబాదేది. చెయ్యి దించితే దెబ్బ. పిడికిలి ఆపితే దెబ్బ. ఆ ఎడం చావడానికి రెండు నెలలు పట్టింది. మూడో నెలలో పిండావిడ పన్నొకటి ఊడి పడింది. ఆవిడే దాన్ని ఏరుకుని, నెత్తురు ఉమ్మి, "ఇప్పుడొచ్చావే దారికి!" అని పగలబడి నవ్వింది.

"వీధి రౌడీల్లా పడి దొర్లడానికా నీకు నేర్పింది?" అన్నాడు నాన్న.

"మీ దెబ్బ ఒక్కటీ ఎవరికీ తగల్లేదు కదా నాన్నా. అది దెబ్బో కాదో ఎలా తెలుస్తుంది?"

అనేసి నాలుక కరుచుకుంది. నాన్న మొహం మాడిపోయింది. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

"రా. మన పద్ధతిలోనే. నాది ముందు తగిలితే పోటీ లేదు, జిమ్మూ లేదు. నీది తగిలితే ఆదివారం నేనే వచ్చి నీ పక్కన నిలబడతా. సరేనా?"

"సరే."

మిషను చప్పుడు ఆగింది. మెడలో టేపుతో అమ్మ వచ్చింది. "నేల తడిగా ఉంది. తండ్రీకూతుళ్లిద్దరికీ బుద్ధుందా?"

ఇద్దరూ వినిపించుకోలేదు. రెండుసార్లు చుట్టూ తిరిగారు. నాన్న భుజం కదిలినట్టే లేదు. ఆమెకి కనిపించేసరికి ఆయన పిడికిలి తన గొంతు ముందుంది, బొటనవేలంత ఎడంలో, వణుకైనా లేకుండా. అంత చక్కటి దెబ్బ ఆమె అంతవరకు చూడలేదు.

నాన్న చేతులు దించి వెనక్కి అడుగేశాడు. ఆమె "తగిలింది" అనడం కోసం చూస్తున్నాడు.

ఆమెకి కనిపించింది దించిన చేతులే.

కుడి పిడికిలి దవడ మీద పడింది. ఆయన తూలేలోగా వంగి రెండు కాళ్లూ ఎత్తి పడేసింది. తల నేలకి కొట్టుకుంది. గుండెల మీదెక్కి మోచేత్తో పొడిచింది. కనుబొమ్మ చీలింది. ఇంకోటి. పెదవి పళ్లకి గుచ్చుకుని చిట్లింది. ఆయన చేతులు అడ్డం పెట్టలేదు. అలా పెట్టుకోవాల్సిన అవసరం ఆ హాల్లో ఎప్పుడూ రాలేదు.

"అది మీ నాన్నే!" జుట్టు పట్టి వెనక్కి గుంజింది అమ్మ.

నాన్న మెల్లగా లేచి కూర్చున్నాడు. అమ్మ రవికల గుడ్డ పేలిక కనుబొమ్మకి అదిమింది. అది చూస్తుండగానే తడిసిపోయింది.

"ఎవరిది ముందు?" పగిలిన నోటితో అడిగాడు.

"మీదే." అంది కూతురు. "మీదే ముందు తగిలింది నాన్నా."

"ఓడిపోయావు. మాటంటే మాటే." అరచెయ్యి ఎత్తి ఆమె ముందు పెట్టాడు. "పోనీలే, తప్పు జరిగింది. ఇక్కడ ఆపి చూపించు. రేపట్నుంచి మళ్లీ మొదలుపెడదాం."

అడగడంలో కోపం లేదు. అదే ఆమెని నలిపేసింది. ఊపిరి పీల్చుకుని, ఆపాలనే అనుకుని, కొట్టింది. ఫట్‌మని అరచేతిలో పడింది. నాన్న మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది. మూడోసారికి ఆయన మణికట్టు వెనక్కి మెలిపడింది. అయినా చెయ్యి దించలేదు.

"ఇంకోసారి," అన్నాడు.

ఆమె లేచింది. తలుపు వెనకనుంచి జిమ్ సంచీ తీసి భుజాన వేసుకుంది.

"మాటిచ్చావు కదే!" అంది అమ్మ.

చెప్పుల్లో కాళ్లు పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.