నల్ల పట్టీ

నజ్లా కళ్లద్దం అంచును రాతి చక్రం మీద అరగదీసి, నీళ్లలో ముంచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ క్షణంలోనే ఫొటోగ్రాఫర్ మీట నొక్కేశాడు.

పొద్దున్నుంచీ తప్పించుకు తిరుగుతూనే ఉంది. ఒకసారి తలనొప్పి అంది, ఒకసారి ముసుగు నలిగిందంది. అలెగ్జాండ్రియాలోని ఆ చిన్న కళ్లద్దాల దుకాణానికి యజమాని హాజీ షుక్రీ కొత్తగా వెబ్‌సైట్ పెట్టించాడు. పనివాళ్లందరి ఫొటోలూ అందులో ఉండాలని ఆయన ముచ్చట. తనూ సూటు తొడుక్కుని పెళ్లికొడుకులా మురిసిపోతున్నాడు.

"మొహం చూస్తేనే కదమ్మా జనం నమ్మేది!"

"నా చేతులు తీయించండి హాజీ గారూ, చాలు. పనిచేసేవి అవే కదా."

"చేతులకెవడు సలాం కొడతాడే పిచ్చిదానా!"

సన్నటి మనిషి, వంగిన భుజాలు, గాజుపొడికి గరుకెక్కిన వేళ్లు. చెవి దగ్గర్నుంచి దవడ దాకా ఉన్న కాలిన మచ్చ ముసుగు చాటున ఉండేది. మొగుడు చచ్చిపోయాడని చెప్పుకుని ఈ ఊళ్లో పనికి కుదిరింది. రొట్టె, ఉడికించిన చిక్కుడుగింజలు మూలన కూర్చుని తినేది. ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు, అదే ఆమెకు పదివేలు.

మధ్యాహ్నం నమాజు కాగానే హాజీ ఫోను పట్టుకొచ్చాడు. "చూశావా! ముసుగు పక్కన కనబడ్డ నీ మచ్చ కూడా ఫొటోలో తుడిచేశాడు. సినిమాతారలా లేవూ?"

ఫొటో కింద అందరూ మెచ్చుకున్నారు. వాళ్లలో ఒకడు రాశాడు: "ఈమె మా ఊరు సోహాగ్‌లో ఫర్‌గలీ పెళ్లాం కదూ? అతనికి పంపించాను."

నజ్లా చెయ్యి దవడ మీదికి పోయింది. "మచ్చ పోయింది హాజీ గారూ. పెట్టినవాడు పోలేదు."

అంతా చెప్పేసింది. కాల్చిన చువ్వ సంగతీ, ఎక్కడ దొరికితే అక్కడే పాతేస్తానని వాడు చేసిన ఒట్టూ. ముసలాయన గబగబా ఫోను నొక్కసాగాడు.

"తీసేస్తా తల్లీ, ఇప్పుడే తీసేస్తా."

"వాడు చూశాక తీసి ఏం లాభం? రేపు రైలెక్కి వస్తాడు." ఫోనులోని తన బొమ్మ మీద వేలు పెట్టింది. "ఫొటో మూలకి నల్ల పట్టీ వేయించండి. ఇవాళే గుండె ఆగి పోయిందని రాయండి."

"బతికున్న మనిషికి చావు పట్టీ వేయడమా! పాపం కాదూ?"

"వాడొచ్చి చంపాకైనా వేస్తారుగా. ముందే వేయండి."

హాజీ ఏడుస్తూనే వేయించాడు. మెచ్చుకోలుకు ఆశపడి ఒక మనిషి కొంపముంచానని ఆయనకు గుండె పిండేసినట్టుంది. నజ్లా మొహం కడుక్కుని, బయటి చెప్పులు తొడుక్కుని, వెనక తలుపు గుండా వెళ్లిపోయింది. ఎక్కడికని ఆయన అడగలేదు. తెలియకపోతేనే మంచిదనుకున్నాడు.

సాయంత్రానికి వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. శవాన్ని వాళ్ల ఊరివాళ్లొచ్చి తీసుకెళ్లారని హాజీ అందరికీ చెప్పి, చావింటి ఆచారం ప్రకారం పంచదార లేని కాఫీ ఇచ్చాడు. అందరూ ఉండగానే ఫోను మోగింది.

"నేను నజ్లా మొగుణ్ణి. నిజంగానే పోయిందా?"

"పోయింది బాబూ," అన్నాడు హాజీ. ఆ గొంతులో ఏడుపు మాత్రం నిజమే.

అవతల ఫర్‌గలీ ఫోను పెట్టేశాడు.

జనం వెళ్లిపోయారు. చక్రం కింద, పొద్దుటి నీళ్లకు ఇంకా తడి ఆరని, పనిలో ఆమె తొడుక్కునే రబ్బరు చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉన్నాయి.