తాడు జరిపిన అరెకరం

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. ఒప్పించింది మా ఆవిడ.

పొలం నాలుగెకరాలు, అన్నయ్యదీ నాదీ కలిపి. రెండేళ్లు వరసగా నష్టం తెచ్చాను. మూడో ఏడు అన్నయ్య తెగేసి చెప్పాడు: "ఈసారి కూడా ఇంతే అయితే కౌలుకిచ్చేద్దాం రా. నువ్వింకో పని చూసుకో." వ్యవసాయం తప్ప నాకు ఇంకో పని రాదు.

ఎకరానికి ఎక్కువ మిగిలేది పుచ్చకాయే కాబట్టి, నాలుగెకరాలూ అదే వేస్తానన్నాను. బట్టలు కుట్టే మా ఆవిడ మిషను ఆపకుండానే జవాబు చెప్పింది.

"గుడ్డెంతుందని కాదండీ, కుట్టే చేతులెన్నని చూసుకోవాలి. పుచ్చకాయంతా ఒక్క వారంలో పండుతుంది. ఊరందరి చేలూ అప్పుడే. కూలీలేరీ? మీరూ బావగారూ కలిసి కోయగలిగేది ఎకరన్నర. మిగతాది బొప్పాయి, అరటి వెయ్యండి, అవి విడతలుగా వస్తాయి. నా చేతులు మాత్రం లెక్కలో వేసుకోవద్దు. బళ్లు తెరిచే ముందు నాకు యూనిఫారాల పని."

నేను ఒంటికాలి మీద లేచాను. "కత్తెర పట్టేదానివి, పొలం సంగతి నీకేం తెలుసు?" అన్నాను. అయినా నేనూ ఆవిడా కలిసి, ఆమె చెప్పినట్టే పంటల మధ్య హద్దులుగా తాళ్లు కట్టాం. విత్తే ముందు రోజు మాత్రం, ఎవరూ చూడకుండా, పుచ్చకాయ తాడుని బొప్పాయి వైపు అరెకరం జరిపి కట్టాను.

కోత వారం వచ్చింది. అన్నయ్యా నేనూ నడుములు విరిగేలా కోశాం. నాలుగో రోజుకు అర్థమైంది, ఆ అరెకరం మాకందదని. ఎండకు కాయలు పగలడం మొదలుపెట్టాయి. కూలీల కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఎవరి చేలో వాళ్లున్నారు. గట్టు మీద కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాను.

మర్నాడు తెల్లారేసరికి మా ఆవిడ నా పాత చొక్కా తొడుక్కుని, కత్తి పట్టుకుని చేలో నిలబడి ఉంది.

"యూనిఫారాలో?" అన్నాను.

"తీసుకోలేదు. అరవై జతలూ పక్కవీధి ఆవిడకి పంపేశాను."

"ఎప్పుడు?"

"మీరు విత్తిన వారానికే. తాడుకున్నది నేను వేసిన ముడి కాదు. నాకు కళ్లు లేవనుకున్నారా?"

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే వినే మనిషైతే చెప్పేదాన్నే. దిక్కులు చూడకండి, ఎండెక్కుతోంది."

మూడు రోజుల్లో చేను ఖాళీ చేశాం. పగిలినవి పోగా, ఆ ఏడు అన్నీ కలిపి బాగానే మిగిలింది. అన్నయ్య మా వరండాలో కూర్చుని, "భలే లెక్క వేశావురా. పొలం నువ్వే చూసుకో," అన్నాడు.

ఊరుకుంటే పరువు దక్కేది. కానీ నోరు ఊరుకోలేదు. "లెక్క తనది అన్నయ్యా. చెడగొట్టింది నేను, నిలబెట్టింది తను," అన్నాను. ఈ మనిషి నా పక్కనుండడం నా అదృష్టమని కూడా చెప్పాలనుకున్నాను. అంతలో లోపల మిషను చప్పుడైంది.

లోపలికి వెళ్లి, మిషను దగ్గర కింద కూర్చుని, "వచ్చే ఏడు ఏం వేద్దామంటావ్?" అని అడిగాను.

ఆమె మిషను ఆపింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న నేను ఆమెను అడగడం అదే మొదటిసారి.