ఏటి అవతలి గట్టు

“ఆదివారం అడివికి నువ్వూ రా, రిలాక్స్ అవుదువు గానీ” అన్నాడు భర్త భానుప్రకాశ్. ఆ మాట నోట్లో ఉండగానే చిత్రాన్నం చెయ్యమన్నాడు, చపాతీలు మెత్తగా ఉండాలన్నాడు, కోడికూరలో కారం తగ్గించమన్నాడు. చపాతీ పిండి పిసుకుతూ సుప్రజ, ఈయన భాషలో విశ్రాంతి అంటే ఊరు మార్చి వడ్డించడమేమో అనుకుంది. ఆమె మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరు వెళ్లి హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. ఆదివారం ఒక్కటే తనది. తలనొప్పిగా ఉందని చెప్పి చూసింది. “మగోళ్లు అడివికి పోతాంటే కూడెవురు పెడతారమ్మా?” అంది అత్త పార్వతమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

పలమనేరు దాటాక కుప్పం దారిలో, కొండల నడుమ ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరికి వెళ్లారు. పైన జలపాతం, చుట్టూ ఏనుగులు తిరిగే అడవి. భానుప్రకాశ్, అతని ఆఫీసు స్నేహితులు కుమార్, హేమంత్ అడవి రంగు టోపీలతో కారు దిగారు. ఇంట్లోవాళ్లు రాలేదేమని సుప్రజ అడిగితే, “వాళ్లకు ఇట్లాంటివి ఇష్టముండవు” అన్నాడు హేమంత్. తెలివైనవాళ్లు అనుకుంది సుప్రజ. భర్త మెడలో కొత్త బైనాక్యులర్ వేలాడుతోంది. ఒకసారి చూద్దామని చెయ్యి చాపింది. “యాల నీకు? అద్దం మీద వేలిముద్రలు పడతాయి” అన్నాడు. అతని చొక్కా కాలర్లు రుద్దేటప్పుడు ఈ వేళ్లతో అతనికెప్పుడూ ఇబ్బంది రాలేదు.

తిన్నారు, చేతులు కడుక్కున్నారు. “సామాను సూస్కుంటా ఈడనే ఉండు, మేం ఏనుగుల్ని సూసొస్తాం” అని ఫోన్లో పాటలు పెట్టుకుని బండల మీదుగా ఎగువకు పోయారు. ఏనుగుల సంగతి తర్వాత, ఆ గోలకు గట్టు మీది కప్పలే నీళ్లలోకి దూకాయి.

ఆమె ఎంగిలి గిన్నెలు ఏటికి తీసుకెళ్లి ఇసకతో తోముతూ కూర్చుంది. అవతలి గట్టున కొమ్మ విరిగిన చప్పుడైంది. తలెత్తింది. పొదలు చీల్చుకుని ఒక ఏనుగు వచ్చింది, వెనకే పిల్ల. పిల్ల గట్టు మీంచి జారబోతే తల్లి తొండం అడ్డం పెట్టి ఆపింది. లోతున్న వైపు తను నిలబడి, పిల్లను మెరక వైపు దింపింది. సుప్రజ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఏనుగు ఆమెను చూసింది. చూసి, పట్టించుకోకుండా నీళ్లు తాగింది.

పిలవాలి అన్నది మొదటి ఆలోచన. ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది. పిలిస్తే ముగ్గురూ అరుచుకుంటూ పరిగెత్తుకొస్తారు. అది బెదిరిపోతుంది. సోమవారానికల్లా ఆఫీసులో అది భానుప్రకాశ్ చూసిన ఏనుగైపోతుంది. ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. పిల్ల నీళ్లు చిమ్మి ఆడుకున్నంతసేపూ చూసింది. తల్లీపిల్లా వచ్చిన దారినే అడవిలోకి వెళ్లిపోయాక, ఎవరికీ వడ్డించనక్కర్లేనిది ఒకటి ఇన్నేళ్లకు తన దగ్గర ఉందనిపించి, ఆమె కళ్లు తడిశాయి.

మగవాళ్లు చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చారు. “ఒక్కటీ కనపళ్లేదు. ఆడోళ్లను తోడు తెస్తే ఇంతే, గలగలమంటాంటే యాడొస్తాయి?” అన్నాడు భానుప్రకాశ్.

“మీకేమన్నా కనపడిందా వదినా?” అన్నాడు కుమార్.

“ఆమెకేం కనపడతాది, గిన్నెలు తప్ప!” అన్నాడు భానుప్రకాశే.

సుప్రజకు కోపం రావలసింది. రాలేదు. ఏటి మధ్యన నిలబడి దాహమని అరిచే మనిషిని చూసినట్టు భర్తను చూసింది. ఈ మనిషి మెచ్చుకోలు కోసమా తను ఇన్నాళ్లు చపాతీలు మెత్తగా రావాలని తాపత్రయపడింది? చేతులు కడుక్కుని లేచింది.

“మిగతా గిన్నెలు మీరు తోమండి. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు మళ్లీ ఈడికే వస్తాండాను. ఒక్కదాన్నే.”

“వంట?” అన్నాడు ముందు. తర్వాత బైనాక్యులర్ ఎత్తి ఏరంతా కలయజూసి, “అయినా ఈడేముండాదని?” అన్నాడు.

సుప్రజ అవతలి గట్టు వైపు ఒకసారి చూసి కారు వైపు నడిచింది.