తుడిచేసిన ఫోన్

చెప్పుల షాపు మూతపడి ఉద్యోగం పోయాక మా చెల్లెలు సైబర్ సెక్యూరిటీ నేర్చుకుంటానని కూర్చుంది. అప్పటికి దానికి కంప్యూటర్ ఆఫ్ చేయడం కూడా సరిగ్గా రాదు, విసుగొస్తే వైరు పీకేసేది. ఎవరో ఆన్‌లైన్లో ఉచితంగా చెప్పే పాఠాలట. ఏమీ తెలియనివాళ్ళ కోసం అని పైనే రాసి ఉంది. 

"అచ్చంగా నీ కోసమే పెట్టారే. పేరొక్కటే రాయడం మర్చిపోయినట్టున్నారు" అన్నాను.

"నవ్వు నవ్వు. రేపు దొంగల్ని పట్టుకుంటే నువ్వే అందరికీ చెప్పుకుంటావు" అంది.

నేను కళ్ళద్దాల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగిస్తాను. మొగుణ్ణి వదిలేసి చెల్లెలి రెండు గదుల ఇంట్లో వచ్చి పడ్డాను. ఎందుకు వదిలేశావని నన్నెవరైనా అడిగితే ఒళ్ళు మండుతుంది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, ఆ సంగతి చాలు. బయటికొచ్చాక పీడ విరగడైందనుకున్నానా, కాలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే మెట్ల మీద వాడే. తోటి ఉద్యోగి ఇంటికి వెళ్తే ఎదురు పేవ్‌మెంట్ మీద వాడే. కొట్టడు, తిట్టడు. నిలబడి, "బాగున్నావా?" అంటాడు. పోలీసులు పిలిచి అడిగితే, "ఒకే ఊళ్ళో ఉన్నాం, ఎదురుపడమా సార్?" అన్నాడట. వాళ్ళకీ అది సబబుగానే తోచింది. కొన్నాళ్ళకు నాకే అనుమానం పట్టుకుంది, నాకేమైనా మతి చెడిందా అని.

వాడు నా దరిదాపులకు రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇస్తే తప్ప నాకు ఊపిరి ఆడదు. మా లాయరమ్మ ముక్కుసూటి మనిషి. "కావాలనే వెంటపడుతున్నాడని చూపించే రుజువు ఒక్కటి తెండి. అది లేకపోతే నేనెంత అరిచినా ఉత్తర్వు రాదు" అని చెప్పేసింది. 

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే చెల్లెలు నా ఫోన్ లాక్కుంది. ఇంట్లో ఉన్న ఫోన్లలో ఏ యాప్ దేన్ని వాడుకుంటుందో చూడమని దానికి హోంవర్కు ఇచ్చారట. కాసేపు వాగుతూనే చూసింది. తర్వాత ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

"అక్కా, బ్యాటరీ ఆదా చేసే యాప్‌కి నీ మైకెందుకు?"

"నా గోల దానికీ వినాలనుందేమో."

"జోకులాపు. నువ్వెక్కడున్నావో ఇరవైనాలుగ్గంటలూ చూస్తోంది. మెసేజీలు చదువుతోంది. తేదీ చూస్తే నువ్వు ఆ ఇంట్లో ఉన్నప్పుడే పెట్టారిది."

కత్తిపీట పక్కకు తోసేసి ఏడ్చాను. భయంతో కాదు, సంతోషంతో. "నాకు పిచ్చి లేదే! నాకు పిచ్చి లేదు!" అని దాన్ని పట్టుకుని ఊపేశాను. నేను చెప్పిన మాట ఒక్క ముక్క తప్పు కాదని నా జీవితంలో మొదటిసారి ఎవరో కళ్ళకు కట్టినట్టు చూపించారు.

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకప్పుడు బావా బావా అని వాడి చుట్టూ తిరిగిన పిల్ల, ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే పాఠంలో చెప్పినట్టు చేసింది. చెడ్డ యాప్ కనపడితే తీసేయాలి, ఫోన్ మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి, పాస్‌వర్డులన్నీ మార్చాలి. ఒక్కటీ వదలకుండా చేసింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇదిగో, కడిగిన పళ్ళెంలా ఉంది" అంది. ఆ సాయంత్రం మేమిద్దరం టీ తాగుతూ పగలబడి నవ్వుకున్నాం. అలా నవ్వుకుని ఎన్నాళ్ళైందో.

మర్నాడు సంగతి వినగానే లాయరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "భేష్! ఏదీ, ఫోన్ చూపించండి."

"తీసేశాను మేడమ్. ఆనవాలు లేకుండా తుడిచేశాను" అంది చెల్లెలు, శభాష్ అంటుందని చూస్తూ.

లాయరమ్మ మళ్ళీ కూర్చుంది. "ఫోటో ఏమైనా తీశారా?"

లేదు.

"ముట్టుకోకుండా నా దగ్గరికి తెచ్చి ఉంటే పరీక్షకు పంపేదాన్ని. మీ వివరాలు ఎవరి ఫోన్‌కి వెళ్తున్నాయో తేలేది." ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కోర్టులో వాడి లాయరు ఒకే ప్రశ్న పట్టుకు వేలాడాడు. ఆ యాప్ ఎక్కడ? జడ్జిగారు చెడ్డావిడ కాదు. చెల్లెల్ని మెల్లగానే అడిగింది, "ఇందులో ఏం చదువుకున్నావమ్మా?" అని.

"నేర్చుకుంటున్నానండీ. ఈ మధ్యే మొదలుపెట్టాను."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన నవ్వలేదు, బుద్ధిమంతుడిలా తల వంచుకుని అన్నీ విన్నాడు. కొత్త ఆధారముంటే వచ్చే వాయిదాకి తెమ్మన్నారు, అంతవరకు ఉత్తర్వు లేదన్నారు. అదే వారం వాడు మా షాపు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు అనుకోకుండా ఎదురుపడినట్టు నటించాల్సిన పని కూడా లేదు వాడికి.

దొరికినదాన్ని తుడవకూడదని, ముందు ఉన్నది ఉన్నట్టు భద్రపరచాలని చెప్పే పాఠం ఆ తర్వాత వచ్చింది. చెల్లెలు దాన్ని చూసి, "ఇది మొదటి రోజే చెప్పి చావొచ్చుగా!" అని హెడ్‌ఫోన్లు గోడకేసి కొట్టింది. నాకు జాలి కలగలేదు. కడుపు మండింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మూడో రోజు అదే వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, వాడి చేతే ఆ యాప్ మళ్ళీ పెట్టిద్దాం. నీ బట్టల కోసమని వాడింటికి వెళ్ళు. లాక్ తీసేసిన ఫోన్ టేబుల్ మీద వదిలి బాత్రూంలోకి పో. వాడు ఊరుకోడు. ఈసారి ముట్టుకోం, తిన్నగా లాయరమ్మకిద్దాం." 

"ఆవిడనడుగుదామా?"

"వద్దంటుంది."

ఆ మాట నిజమే. అందుకే అడగలేదు.

చెల్లెలు వాడి వీధి మలుపులో మందుల షాపు దగ్గర ఆగింది. "నవ్వుతూ వెళ్ళు, అనుమానం రాకూడదు" అని నా జుట్టు సర్దింది. తలుపు ముందు మొహానికి నవ్వు తగిలించుకుని బెల్లు కొట్టాను. వాడు తలుపు తీశాడు. ఆశ్చర్యపోలేదు. "రా, నీ ఇల్లే" అన్నాడు.

ఫోన్ టేబుల్ మీద పెట్టి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. నన్ను కొట్టిన రోజు తల తగిలిన వాష్ బేసిన్ అదే. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు బయటికి వినపడకుండా నోట్లో చున్నీ కుక్కుకున్నాను. చాలనిపించాక బయటికొచ్చాను.

నా ఫోన్ పెట్టినచోటే ఉంది. వాడు తన ఫోన్ చూసుకుంటున్నాడు. నా వైపు తిప్పాడు. గుమ్మం పైన కెమెరా ఉందట, నేను వెళ్ళిపోయాక పెట్టించాడట. అందులో నేను. చక్కగా దువ్వుకున్న జుట్టుతో, నవ్వుతూ, నా చేత్తో నేనే బెల్లు కొడుతున్నాను.

"ఎంత బాగా నవ్వావో చూడు. మొగుడంటే భయపడి చచ్చే ఆడది ఇలా వస్తుందా అని అడుగుతా జడ్జిగారిని." చాలా నెమ్మదిగా చెప్పాడు. "మీ చెల్లిలా నేను దేన్నీ తుడిచేసుకోను. ఇప్పుడే మా లాయరుకి పంపేశాను."

తలుపు వాడే బార్లా తెరిచాడు. "వెళ్తావా, వెళ్ళు. ఎవరాపారు?" అన్నాడు. మెట్లు దిగుతుంటే వాడు నవ్వుతున్నాడో లేదో చూడలేదు. చూస్తే వెనక్కి వెళ్ళి వాడి గొంతు పిసికేదాన్ని.

చెల్లెలు పరిగెత్తుకుంటూ వచ్చింది. "పెట్టాడా అక్కా?"

జరిగింది చెప్పాను. దాని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. కానీ దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం కొంత దూరం నడిచాం. కూడలి దగ్గర అది ఆగిపోయి వెనక్కి చూసింది.

"వాడొస్తున్నాడేమో. ఏ దారిన వెళ్దాం అక్కా?"

"ఏ దారైనా ఒకటేనే. వాడికి మన ఇల్లు తెలుసు."